లెన్సు కొనేముందు కంటికి కొలత ముఖ్యం
కళ్లజోడు నంబరు ఒక్కటే చాలదు

చౌడేపల్లె: కళ్లజోడు పెట్టుకుంటే పెళ్లిచూపుల్లో బాగుండదని కొందరు, ఆటలకు అడ్డమని కొందరు కాంటాక్ట్ లెన్సుల వైపు మొగ్గుతున్నారు. ఇప్పుడు వీటిని ఫోనులో ఆర్డరు చేస్తే ఇంటి గుమ్మం దగ్గరకే వస్తాయి. కళ్లజోడు చీటీలోని నంబరు రాసి పంపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. లెన్సు చొక్కా వంటిది కాదు, బిగుతైతే తిప్పి పంపవచ్చులే అనుకోవడానికి. అది నేరుగా నల్లగుడ్డు మీద కూర్చుంటుంది.

నంబరు ఎందుకు మారుతుంది?

కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్సుకు ఆ దూరం లేదు. అందువల్ల నంబరు 4 దాటినవారికి లెన్సు పవరు వేరుగా లెక్కకట్టాలి. మైనస్ 6 అద్దాలు వాడేవారికి లెన్సు సుమారు మైనస్ 5.5 సరిపోతుంది. అడ్డనంబరు ఉన్నవారికి కంట్లో తిరగకుండా నిలిచే ప్రత్యేకమైన లెన్సు కావాలి.

పవరుతోపాటు లెన్సు వంపు, వెడల్పు కూడా కుదరాలి. నల్లగుడ్డుకు రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచే అందాలి. లెన్సు మరీ బిగిస్తే ఆ గాలి తగ్గి గుడ్డు వాస్తుంది. వదులైతే జారుతూ ఒరుసుకుంటుంది. ఒరిపిడితో పడిన గీత గుండా క్రిములు ప్రవేశిస్తే పుండు పడుతుంది. పుండు మానినా పువ్వు మిగిలి చూపు పోవచ్చు.

పరీక్షలో ఏం చేస్తారు?

కెరటోమీటరుతో గుడ్డు వంపు కొలుస్తారు. స్లిట్ ల్యాంపుతో కంటిని పెద్దదిగా చేసి చూస్తారు. కన్నీరు చాలినంత ఉందో లేదో గమనిస్తారు. తర్వాత నమూనా లెన్సు పెట్టి కాసేపు కూర్చోబెట్టి, రెప్ప కొట్టినప్పుడు అది ఎంత కదులుతుందో పరిశీలిస్తారు. పెట్టడం, తీయడం, కడగడం నేర్పుతారు. ఇవేవీ ఫోనులో జరిగేవి కావు.

నంబరు లేని రంగు లెన్సులకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో 2005లో చేసిన చట్టం ప్రకారం రంగు లెన్సు కూడా వైద్య పరికరమే. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. పెళ్లికని ఒకరి లెన్సు మరొకరు పెట్టుకోవడం మరీ ప్రమాదం.

పల్లెలో మరింత జాగ్రత్త

టమోటా తోటలో మందు కొట్టేటప్పుడు, కళ్లంలో దుమ్ము లేచేటప్పుడు లెన్సు పెట్టుకోరాదు. బోరునీటితో గానీ, కుళాయి నీటితో గానీ, ఉమ్మితో గానీ కడగరాదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి గుడ్డును తినేస్తుంది. సీసాలో వచ్చే ద్రావణమే వాడాలి. రాత్రి నిద్రకు ముందు తీసివేయాలి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసి ఆరోజే కంటి డాక్టరును కలవాలి. ఆముదం, చనుబాలు, ఆకుపసరు పోయరాదు. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవడమూ తగదు. బూజు వల్ల వచ్చిన పుండుకు స్టెరాయిడ్ చుక్కలు పడితే అది మరింత ముదురుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి 2019లో మొదలైంది. లెన్సు అమర్చే రోజు, వేళ ముందుగా ఫోను చేసి కనుక్కుని వెళితే బస్సు చార్జీలు వృథా కావు.

పరీక్ష అయ్యాక లెన్సు పేరు, వంపు, వెడల్పు, పవరు, ఎన్నాళ్లకు మార్చాలో ఒక్కో కంటికీ విడిగా రాయించుకోవాలి. ఆ చీటీ చేతిలో ఉంటే షాపులో కొన్నా, ఫోనులో తెప్పించినా అదే రకం తీసుకోవచ్చు. పెట్టె మీద గడువు తేదీ చూడాలి. ఏడాదికోసారి మళ్లీ చూపించుకోవాలి. చదువుకునే పిల్లలు లెన్సు కావాలని పట్టుబడితే తల్లిదండ్రులు కాదనక్కరలేదు. ముందు కొలత తీయించి, తర్వాతే కొనివ్వాలి.