గుండెజబ్బు రోగి తిరుగుడును కొలుచుట

గుండె బలహీనపడిన రోగిని వైద్యుడు సాధారణముగ అడుగు ప్రశ్న ఒకటి కలదు: "మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందా?" "ఈమధ్య రావడం లేదండి" అని రోగి సమాధానము చెప్పును. ఆ మాట విని వైద్యుడు మందు పనిచేయుచున్నదని తలచును. కాని ఆ రోగి మేడమీది గదిని విడిచి, క్రింది వసారాలో పడక వేయించుకొని రెండు మాసములైయుండవచ్చును. మెట్లెక్కుటయే మానినవానికి మెట్లవలన ఆయాసమెట్లు వచ్చును? రోగి అబద్ధమాడలేదు. ఒక్కొక్క పనినే తనకు తెలియకుండ తగ్గించుకొనుచు వచ్చినాడు, అంతే.

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట యని పలువురు భ్రమపడుదురు. శరీరమునకు కావలసినంత రక్తమును గుండె తగినట్లు అందింపజాలకపోవుటకే ఆ పేరు. దానివలన ఊపిరితిత్తులలోను, కాళ్ళలోను నీరు చేరును. నాలుగడుగులు వేయగనే ఆయాసము, నీరసము కలుగును. ఈ జబ్బు తీవ్రతను నిర్ణయించుటకు న్యూయార్కు హృద్రోగ సంఘమువారు 1928లో రోగులను నాలుగు తరగతులుగ విభజించిరి. మామూలు పనులకు ఏ బాధయు లేనివారు మొదటి తరగతి. కూర్చున్నను ఆయాసపడువారు నాలుగవ తరగతి. నేటికిని ఈ విభజన వాడుకలో నున్నది. ఐతే ఇది రోగి చెప్పు మాటమీదను, వైద్యుని అంచనామీదను ఆధారపడియున్నది.

ఆరు నిమిషముల నడక పరీక్ష మరియొక పద్ధతి. ఆసుపత్రి వరండాలో రోగిని నడిపించి, ఆరు నిమిషములలో ఎంత దూరము పోగలిగెనో కొలుతురు. ఇది ఉపయోగకరమే. కాని వైద్యుని యెదుట రోగి చేయగలిగినది వేరు, ఇంటివద్ద దినమంతయు చేయుచున్నది వేరు. పరీక్షనాటి వ్రాతను బట్టి విద్యార్థి ప్రతిదినము ఎంతసేపు చదువుచున్నాడో చెప్పలేమన్నది ఉపాధ్యాయులకు తెలిసిన సంగతియే.

ఈ కొరత తీర్చుటకే నడుముకో, మణికట్టుకో ధరించు త్వరణమాపకము వచ్చినది. దీని సూత్రము బస్సులో నిలుచుండి ప్రయాణము చేసిన ప్రతివారికి అనుభవమే. బస్సు తటాలున కదలిన వెనుకకు తూలుదుము. ఆగిన ముందుకు తూలుదుము. పరికరములో ఆ ప్రయాణికుని స్థానమున సిలికానుతో చేసిన అతి చిన్న దిమ్మ యొకటి, వెండ్రుకకన్న సన్నని స్ప్రింగులపై వ్రేలాడుచుండును. ధరించినవారు కదలినపుడు దిమ్మ కొంచెము వెనుకబడును. దానికిని ప్రక్కనున్న పలకలకును మధ్య దూరము మారుటచే విద్యుత్ కెపాసిటెన్సు మారును. ఈ మార్పును సెకనుకు పెక్కుసార్లు, మూడు దిక్కులందును పరికరము నమోదు చేయును. ఒక వింత యేమనగా, బల్లమీద కదలక పడియున్నను ఇది సున్న చూపదు. భూమ్యాకర్షణకు సరియైన 9.8ని చూపును. చేతినుండి జారి క్రిందపడుచున్నపుడే సున్నకు దగ్గరగ చూపును! భూమి లాగు దిక్కు ఇట్లు తెలియుటచేతనే, తొడకో ఛాతీకో కట్టిన పరికరము రోగి నిలుచున్నాడా, పడుకొన్నాడా యనునది గూడ చెప్పగలదు.

ఇట్టి పరికరము ఎంతటి తప్పును బయటపెట్టగలదో 2015లో అమెరికాలో వెల్లడియైన ఒక పరిశోధన చూపినది. గుండె బాగుగనే ముడుచుకొనుచున్నను వైఫల్యమునకు లోనైన 110 మంది రోగులను తీసికొనిరి. ఐసోసోర్బైడ్ మోనోనైట్రేటు అను మందు రక్తనాళములను వదులుచేయును. కావున దానిని వాడిన రోగులు మరింత చురుకుగ తిరుగుదురని ఆశ. అట్టి రోగులకు ఈ మందు అప్పటికే వాడుకలో నుండెను. ప్రతి రోగికి ఆరు వారములు మందును, ఆరు వారములు అట్లే కనబడు ఉత్తుత్తి బిళ్ళను ఇచ్చి, నడుముకు త్వరణమాపకములను కట్టిరి. మందును 30 మిల్లీగ్రాములనుండి 60కి, పిదప 120కి పెంచిరి. ఫలితము తలక్రిందులైనది. మోతాదు పెరిగినకొలది రోగుల తిరుగుడు తగ్గినది. హెచ్చు మోతాదులో రోజుకు సుమారు 18 నిమిషములు తక్కువగ మెలగిరి. ఆరు నిమిషముల నడకలో మాత్రము తేడాయే కనబడలేదు. అనగా వరండాలో కొలిచియుండిన, మందు మేలు చేయలేదని మాత్రమే తెలిసియుండును. ఇంటివద్ద రోగిని మరింత కూలబెట్టుచున్నదని తెలిసియుండదు.

పరికరమును గ్రుడ్డిగ నమ్మరాదు. మణికట్టున ధరించి బట్టలుతికినను, పిండి రుబ్బినను అది నడకవలె లెక్కింపవచ్చును. సైకిలు త్రొక్కువాని శ్రమను నడుముకు కట్టినది సరిగ గుర్తింపదు. గుండెజబ్బు ముదిరిన వృద్ధులు కాళ్ళీడ్చుచు మెల్లగ నడచు అడుగులు పెక్కు లెక్కకే రావు. ఎవరికొరకు చేసినదో వారివద్దనే ఇది పొరబడుట విచారకరము. తిరుగుడు తగ్గుటకు మోకాలి నొప్పియో, వానలో, పెండ్లికి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోవుటయో కారణము కావచ్చును. తీసి గూటిలో పెట్టి మరచిన దినము వేరే లెక్క. కావుననే ఒకనాటి అంకెను గాక, అదే రోగి పూర్వపు వారములతో పోల్చి చూచెదరు.

మరచిపోవు బాధ లేని మార్గము గూడ కలదు. 1980వ దశకమునుండి కొన్ని పేస్‌మేకరులలో కదలికను గుర్తించు భాగమును అమర్చుచున్నారు. రోగి నడచునపుడు గుండె వేగమును పెంచుటకే మొదట దానిని పెట్టిరి. నేడు అట్టి పరికరములు పెక్కు రోగి దినమునకు ఎంతసేపు మెలగుచున్నాడో గూడ మాసములతరబడి దాచియుంచును. తనిఖీకి వచ్చినపుడు వైద్యుడు ఆ గీతను కంప్యూటరు తెరపై చూచి, అది క్రిందికి దిగిన వారములను గూర్చి రోగిని విచారించును.