వేడి పైపు ఒక్క రోజులో పగలదు

షట్‌డౌన్ పని వచ్చిందంటే రిఫైనరీలకి, పవర్ ప్లాంట్లకి మనవాళ్లు చాలామంది వెళ్తారు. స్కాఫోల్డింగ్ కట్టేది, పైపుల మీద ఇన్సులేషన్ విప్పేది వాళ్లే. ఆ పైపుల గురించి వాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

అటక మీద బియ్యం బస్తాలు ఏళ్ల తరబడి ఉంచితే చెక్క మెల్లగా కిందికి వంగుతుంది. 500 డిగ్రీలు దాటిన ఆవిరిని మోసే స్టీలు పైపు కూడా అంతే, లోపలి ప్రెషర్‌కి కొద్దికొద్దిగా సాగుతుంది. దీన్నే ఇంజనీర్లు క్రీప్ అంటారు. స్టీలు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. సాగడానికి అంత అక్కర్లేదు.

లోహమంతా కంటికి కనపడని గింజల్లాంటి రేణువులు. సాగేకొద్దీ ఆ రేణువుల అంచుల్లో సన్నని బొక్కలు పడతాయి. అవి వరుస కట్టి, ఒకదానితో ఒకటి కలిసి పగులు అవుతుంది. పగులు కొస మీదే ఒత్తిడంతా పడుతుంది కాబట్టి అక్కడ మళ్లీ కొత్త బొక్కలు, పగులు ఇంకాస్త ముందుకి. ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకి, చివర్లో ఒక్కసారిగా పరుగెడుతుంది. వెల్డింగ్ అతుకు, దాని పక్కనే వేడి తగిలిన సన్నని పట్టీ, ఇవే ఎక్కువ బలహీనం. ఉండాల్సినదాని కంటే 10-15 డిగ్రీల ఎక్కువ వేడితో నడిపితే పైపు ఆయుష్షు ఇంచుమించు సగమైపోతుందని ఒక మోటు లెక్క. మేం ఖాతాల్లో డిప్రీసియేషన్ ఏడాదికోసారి రాస్తాం. పైపు గంటగంటకీ రాసుకుంటుంది.

అమెరికాలో నెవాడా రాష్ట్రం లాఫ్లిన్‌లో మొహావీ పవర్ స్టేషన్ ఉండేది. 1985 జూన్ 9న అక్కడ వేడి ఆవిరి పైపు ఒకటి, పొడవునా ఉన్న వెల్డింగ్ అతుకు దగ్గర చీలిపోయింది. ఆరుగురు చనిపోయారు. ఆవిరి కంట్రోల్ రూములోకి కూడా దూరింది. అంటే పైపు పక్కన నిలబడ్డవాడికే ప్రమాదం అనుకోవద్దు.

ఇన్సులేషన్ విప్పినప్పుడు పైపుని మొదట చూసేది మీరే. ఎక్కడైనా ఉబ్బిందా, అతుకు పక్కన గీత ఉందా, పైపుని మోసే హ్యాంగర్ వంగిందా, చూడండి. నడుస్తున్న లైను దగ్గర బుస్సుమని శబ్దం వస్తే చెయ్యి పెట్టి వెతక్కండి. బాగా వేడెక్కిన ఆవిరి కంటికి కనపడదు, కోసేస్తుంది. దూరం జరిగి చెప్పండి. "నీళ్లతో ప్రెషర్ టెస్ట్ పాసైంది" అని ఫోర్‌మన్ అన్నా సరే. అది చల్లటి పైపుకి చేసే టెస్టు. లోపలి బొక్కల సంగతి అందులో తేలదు.

ఇక చట్టం. సౌదీ లేబర్ లా ఆర్టికల్ 81, యూఏఈలో 2021 నాటి 33వ నంబరు చట్టం ఆర్టికల్ 45 ఒకే మాట చెబుతాయి: పనిచోట తీవ్రమైన ప్రమాదం ఉండి, అది యజమానికి తెలిసీ సరిచెయ్యకపోతే, కార్మికుడు నోటీసు లేకుండా పని మానెయ్యొచ్చు, రావాల్సిన బకాయిలు పోవు. (ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకి వేరే చట్టాలున్నాయి.) ఆఖరి మెట్టు ఇది, లేబర్ ఆఫీసునో ఎంబసీనో అడక్కుండా ఎక్కొద్దు. అందులో కీలకం "తెలిసీ" అన్న మాట. నోటితో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు. సైట్‌లో సేఫ్టీ కార్డు ఉంటే అందులో రాయండి, రాయడం రాకపోతే తోటివాళ్లతో రాయించండి. ఫోను లోపలికి రానివ్వరు కాబట్టి రూముకొచ్చాక ఫోర్‌మన్‌కి వాట్సాప్ పెట్టండి: తేదీ, యూనిట్, పైపు మీదున్న లైన్ నంబరు, మీరు చూసింది. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి.