కుక్క తన తోకనే ఎందుకు తరుముతుంది?

చెన్నై దగ్గరి ఆత్తిపట్టులో ఏ ఇంటి గేటు దగ్గరో కట్టేసిన కుక్కను గమనించారా? ఉన్నట్టుండి తన తోకను తానే తరుముతూ గిరగిరా తిరుగుతుంది. కుక్కపిల్లకైతే అది ఆటే, పిలిస్తే ఆపేస్తుంది. కానీ పెద్ద కుక్క అన్నం పెట్టినా పట్టించుకోకుండా, తోక పుండుపడేదాకా తిరుగుతుంటే? దాన్ని చూసి నవ్వకండి. పాపం, అది ఆగలేకపోతోంది.

ఎందుకలా? కుక్కకు పరుగు కావాలి, వాసనలు కావాలి, తోడు కావాలి. రోజంతా గొలుసుకే ఉంటే విసుగో భయమో కమ్ముతుంది. తోక వెంట తిరిగితే కాస్త ఊరట. పెరటి గడ్డిలో రోజూ ఒకేచోట నడిస్తే కాలిబాట పడుతుంది కదా! మెదడులోనూ అలాగే దారి పడిపోతుంది. తర్వాత భయం లేకపోయినా కాళ్లు అటే పోతాయి. జర్మన్ షెపర్డ్, బుల్ టెర్రియర్ లాంటి జాతుల్లో ఇది ఎక్కువ. తల్లి నుంచి మరీ త్వరగా విడదీసిన పిల్లల్లోనూ ఎక్కువేనని 2012లో ఫిన్లాండ్ పరిశోధకులు గమనించారు.

మాన్పించడం ఎలా? ముందు పశువైద్యుడికి చూపించాలి, తోక దగ్గర పిడుదులో నొప్పో ఉండొచ్చు. చెన్నై వేపేరిలో 1903లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది, అక్కడా చూపించవచ్చు. కొట్టకూడదు, తిట్టకూడదు. భయం పెరిగితే తిరగడమూ పెరుగుతుంది. రోజూ నడిపించాలి. తిరగబోతుంటే పేరుపెట్టి పిలిచి, "కూర్చో" అని, కూర్చుంటే ఇష్టమైన ముక్క పెట్టాలి. అవసరమైతే డాక్టరు మందిస్తారు, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంట్లో మన మాత్రలు మాత్రం వేయకండి.