ముల్లు నిజం చెప్పాలంటే

విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి తమ్ముడు అడిగినప్పుడు, "నేను పూర్వ విద్యార్థినే గాని రచయితను కాను గదా" అన్నాను. "మీకు తెల్సిందే రాయండి సార్" అన్నాడు. నాకు బాగా తెల్సింది ఒక్కటే. పాత రేడియోలు, వాటిని పరీక్షించే పాత మీటర్లు. అదే వ్రాస్తున్నాను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రాలయినవి. నేను పని నేర్చిన 1980ల తొలి రోజుల్లో ఈ మూడూ వరంగల్లు జిల్లాలోని ఊళ్లే. కాలేజీ అయిపోగానే సాయంత్రాలు జనగామలో ఒక రేడియో దుకాణంలో కూర్చునేవాణ్ణి. ఒకనాడు గురువుగారు లేని సమయంలో మహబూబాబాదు దగ్గరి పల్లె నుండి ఒక తాత, కాజీపేటలో రైలు మారి, తుండుగుడ్డలో చుట్టిన వాల్వు రేడియో మోసుకొచ్చాడు. సర్క్యూట్ కాగితంలో ఒకచోట 100 వోల్టులుండాలని ఉంది. నా మీటరు 83 దగ్గరే ఆగింది. రెసిస్టర్లు మార్చాను, వాల్వు మార్చాను. ముల్లు కదలలేదు. అయినా సామాన్ల కింద 40 రూపాయలు తీసుకొని, "రేపు రా తాతా" అన్నాను.

గురువుగారు వచ్చి ఇంకో మీటరు పెట్టారు. 99 చూపింది! అసలు లోపం వాల్యూం కంట్రోలు దగ్గర తెగిన తీగ. "మీటరు అబద్ధం జెప్పలే బిడ్డా, నీకే అడగరాలే. గా పైసలు తాతకు వాపసియ్యి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మరువలేదు.

ఆ తేడా ఎట్లా వచ్చిందో లెక్క చూడండి. 200 వోల్టుల సప్లయికి రెండు లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు వరుసగా ఉన్నాయి. వాల్వు తీసుకొనే స్వల్ప కరెంటును వదిలేస్తే నడుమ ఉండవలసింది 100 వోల్టులు. నా మీటరు వోల్టుకు 1,000 ఓమ్‌లది. 250 వోల్టుల రేంజిలో దాని నిరోధం రెండున్నర లక్షల ఓమ్‌లు. అది కింది రెసిస్టరుకు సమాంతరంగా చేరేసరికి లక్ష కాస్తా సుమారు 71,400 అయింది. వోల్టేజి 83కు పడింది. గురువుగారిది వోల్టుకు 20,000 ఓమ్‌లది. అదే రేంజిలో 50 లక్షల ఓమ్‌లు. కాబట్టి 99 చూపింది. ఆ విలువలు 20,000 ఓమ్‌ల మీటరుతో కొలిచినవని కాగితం అడుగున చిన్నక్షరాలలో ఉంది కూడా. నేను చదివితే గదా!

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లోనో, లాబొరేటరీ బీరువాలోనో ఏళ్ల తరబడి పడున్న పరికరం దొరికిందనుకోండి. వెంటనే ప్లగ్గు పెట్టకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి షార్టయి ఉండవచ్చు. ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బును వరుసలో కలిపి కరెంటివ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టే. బల్బు పరికరాన్ని కాపాడుతుంది గాని మనల్ని షాకు నుండి కాపాడదు. మైనపు కాగితపు కెపాసిటర్లు లీకవుతాయి. అదే వోల్టేజి తట్టుకొనే పాలియెస్టరువి వేయాలి. పాత కార్బన్ రెసిస్టర్ల విలువ చాలావరకు పెరిగి ఉంటుంది, కొలిచి చూడాలి. పాత ఆసిలోస్కోపులో వేల వోల్టులుంటాయి. స్విచ్చి తీసినా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. తెలిసినవాళ్లు పక్కన లేకుండా దాని మూత తీయవద్దు.

తరువాత మీటరు సంగతి. బల్ల మీద పడుకోబెట్టి, ముల్లును మరతో సున్నకు తేవాలి. నమ్మకమైన మరో మీటరుతో పోలుస్తూ స్కేలు పావు, సగం, నిండు దగ్గర చూడాలి. అన్ని రేంజిల్లోనూ ఒకే పాళ్లలో తక్కువ చూపిస్తే లోపం ముల్లు కదిపే భాగంలోదే. అయస్కాంతం బలహీనపడి ఉండవచ్చు. ఒక్క రేంజిలోనే తప్పితే ఆ రేంజి రెసిస్టరును అనుమానించండి. ఇంకొకటి. 250 వోల్టుల రేంజికి 2 శాతం తప్పు అంటే స్కేలంతటా 5 వోల్టుల దాకా తేడా రావచ్చు. 50 వోల్టులు కొలిచేటప్పుడు అదే 10 శాతమవుతుంది! అందుకే ముల్లు స్కేలు పైభాగాన నిలిచే రేంజి ఎంచుకోవాలి.

సిగ్నల్ జనరేటరు కథ వేరు. ఉద్యోగరీత్యా భూపాలపల్లిలో ఉన్నప్పుడు నా దగ్గర ఫ్రీక్వెన్సీ కౌంటరు లేదు. రేడియోలో 455 కిలోహెర్ట్జ్ ఐ.ఎఫ్. సరిచేయాలంటే జనరేటరు డయలు నమ్మదగినదై ఉండాలి. అప్పుడు ఆకాశవాణే నాకు ప్రమాణమైంది. హైదరాబాదు 'ఎ' కేంద్రం ప్రసారం 738 కిలోహెర్ట్జ్. మధ్యతరంగ కేంద్రాలు తమ ఫ్రీక్వెన్సీకి 10 హెర్ట్జ్ కంటే అటూ ఇటూ పోరాదని అంతర్జాతీయ నియమం. రేడియోలో హైదరాబాదు పెట్టి, జనరేటరును అరగంట వేడెక్కనిచ్చి, 369 దగ్గర మెల్లగా తిప్పేవాణ్ణి. 369కి రెట్టింపు 738 గదా! రెండూ దగ్గరపడగానే ఈల వినిపిస్తుంది. ఈల సన్నం నుండి బొంగురై, ఆగిపోయి, మళ్లీ మొదలవుతుంది. ఆగిన చోటే అసలు 369. డయలు 374 చూపితే తప్పు 5 అన్నమాట. విజయవాడ 837తో మరో బిందువు, 418.5 దగ్గర. రెండు తప్పులనూ గ్రాఫు మీద వేసి గీత కాస్త ముందుకు పొడిగిస్తే 455 దగ్గరి తప్పు సుమారుగా తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. మధ్యతరంగం స్పష్టంగా అందే చోట ఇప్పుడైనా చేసి చూడవచ్చు.

సరిచూసిన తేదీ, ఉన్న తేడా ఒక కాగితంపై వ్రాసి పరికరానికి అంటించండి. తప్పుండటం నేరం కాదు, ఎంత తప్పో తెలియకుండా ఎదుటివాని దగ్గర డబ్బు తీసుకోవడమే నేరం. మన దేశంలో వోల్టుకూ సెకనుకూ ప్రమాణాలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నాయి. ఆ గొలుసు చివరి లంకె మాత్రం మన చేతిలోని మీటరే.

బీరువాలోని పాత పరికరాన్ని పాతసామాన్ల వాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి బయటికి తీయండి, తమ్ముళ్లూ చెల్లెళ్లూ. నాకు ఆ తాత 40 రూపాయలు లెక్కపెట్టుకుంటూ, "పోనీ తియ్ బిడ్డా, నేర్సుకుంటున్నవ్" అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. మీకు అంత ఖరీదైన పాఠం అక్కరలేదు.