స్కాట్లాండు ప్రభు బిరుదములు

1963వ సంవత్సరమున సదర్లాండు డ్యూకు నిస్సంతుగ గతించెను. ఆయనకు పలు బిరుదములుండెను. అవి రెండు త్రోవలు పట్టినవి. డ్యూకు బిరుదము 1833లో పురుషసంతతికే చెందునట్లు ఇయ్యబడినది కావున, దూరపు జ్ఞాతి యొకనిని వెదకికొని పోయినది. ఎర్ల్ బిరుదము స్కాట్లాండు ప్రాచీన బిరుదము. అది ఆయన తమ్ముని కుమార్తె యగు ఎలిజబెత్తును చేరినది. 2019లో ఆమె మరణింపగా ఆమె కుమారుడు దానిని పొందెను.

స్కాట్లాండు ప్రాచీన బిరుదములలో కొన్ని స్త్రీలకును సంక్రమించును. కుమార్తెలు పలువురున్నచో జ్యేష్ఠకే చెందును. ఇంగ్లాండులోని పాత బేరను బిరుదములట్లు కావు. కుమార్తెలందఱును సమానాంశభాగినులు గనుక, బిరుదము ఎవరికిని చెందక తరములకొలది నిలిచిపోవుట కలదు. స్కాట్లాండు పద్ధతియే మాకు మేలుగ తోచుచున్నది.

వారసుని గౌరవనామము వేఱు మాట. డ్యూకు, మార్క్విస్, ఎర్ల్ జీవించియుండగనే జ్యేష్ఠపుత్రుడు తండ్రి చిన్న బిరుదములలో నొకదానితో పిలువబడును. అది మర్యాదయే గాని హక్కు గాదు. కావుననే విక్టోరియా రాణి యల్లుడగు లోర్న్ మార్క్విస్, ఆర్గైల్ డ్యూకు కుమారుడై యుండియు, 1868 మొదలు 1878 వఱకు సామాన్యుల సభలో సభ్యుడుగ కూర్చుండగలిగెను. స్కాట్లాండులో లార్డు వారసుని 'మాస్టర్' అందురు. మన బడిపంతులుగారని పాఠకులు భ్రమపడకుందురు గాక! ప్రభువులు దత్తత చేసికొనిన బిడ్డలకు సయితము 2004లో ఈ గౌరవనామములు అనుమతింపబడినవి. వారసత్వము మాత్రము లేదు. దత్తపుత్రుని ఔరసునివలె నెంచు మనవారికి ఇది వింతగ నుండును.

సదర్లాండు ఎర్ల్ బిరుదము స్త్రీకి చెందుట 1963లో క్రొత్త గాదు. 1766లో నాటి ఎర్ల్ మరణించునప్పటికి మిగిలినది ఏడాది దాటిన ఆడుశిశువు. పురుషజ్ఞాతు లిరువురు వ్యాజ్యమాడిరి. 1771లో ప్రభువుల సభ శిశువు పక్షముననే తీర్పు చెప్పెను. ఆమెయే పెరిగి 1785లో ఇంగ్లాండు ప్రభుకుమారుని వివాహమాడెను; 1833 నాటి డ్యూకు బిరుదము పొందినది ఆయనయే. బిరుదముతోడనే విశాలమగు భూములును ఆమెకు దక్కినవి. ఆ దంపతుల యుద్యోగులు గొఱ్ఱెల మేతకై రైతులను ఇండ్లనుండి వెడలగొట్టి సముద్రతీరమునకు తఱిమిరి. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814, 1819 సంవత్సరములందు గ్రామములు ఖాళీ చేయబడినవి. ఇండ్లకు నిప్పు పెట్టబడినది. అధికారి పాట్రిక్ సెల్లార్ 1816లో న్యాయస్థానమున విచారింపబడి నిర్దోషిగ విడువబడెను.

వ్యాజ్యమున శిశువు పక్షము న్యాయమే యని మేమందుము. తీర్పు వెలువడిన నాడు ఆ లోయలోని రైతుల మాట అడిగినవారు మాత్రము లేరు. 2019లో ఎర్ల్ అయిన ఆ కుమారుడు అంతకుముందు వారసునిగ ధరించిన గౌరవనామము లార్డ్ స్ట్రాత్‌నేవర్. రోసాల్ గ్రామపు పాడుగోడలు ఆ లోయలో నేటికిని కానవచ్చుచున్నవి.