గుండెకు కండ మాసిక

గంగా పరీవాహక ప్రాంతపు చెరువుల్లో, కాలువల్లో జీబ్రాఫిష్ అనే చారల చేప ఉంటుంది. బొటనవేలంత కూడా ఉండదు. 2002లో అమెరికా శాస్త్రవేత్తలు దాని గుండె జఠరికలో అయిదో వంతు కోసేశారు. రెండు నెలల్లో ఆ కండ మళ్లీ పెరిగింది.

మనిషికి ఆ వరం లేదు. గుండె రక్తనాళం పూడుకుపోతే కొన్ని గంటల్లోనే వంద కోట్ల దాకా కండరకణాలు చచ్చిపోవచ్చు. వాటి చోట మచ్చ కడుతుంది. అది గుండె గోడ చిట్లకుండా ఆపుతుంది గానీ, కొట్టుకోదు. స్టెంట్ వేస్తే రక్తం పారుతుంది, పోయిన కండ మాత్రం రాదు. ఉన్న కండ మీదే భారమంతా పడి, కొందరికి క్రమంగా హార్ట్ ఫెయిల్యూర్ వస్తుంది.

మన గుండెలో కొత్త కణాలు అసలు పుట్టవా? ఈ లెక్క తేల్చడానికి అణుబాంబులు పనికొచ్చాయి. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 తిండి ద్వారా మన డీఎన్‌ఏలోకీ చేరింది. దాని పాళ్లను బట్టి కణం వయసు చెప్పొచ్చు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు 2009లో చెప్పింది ఇదీ: పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం మారుతుంది, 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. గుండెపోటు నష్టానికి ఇది ఏ మూలకూ చాలదు.

అంతకు ముందే 2001లో, ఎముక మూలుగలోని మూలకణాలు ఎలుక గుండెలో కండగా మారాయని అమెరికాలో పియెరో అన్వెర్సా బృందం ప్రకటించగానే ప్రపంచమంతా ఆశపడింది. మూడేళ్లకే వేరే బృందాలు అది నిజం కాదని తేల్చాయి. 2018లో ఆయన ప్రయోగశాల పరిశోధన పత్రాలు 31 ఉపసంహరించాలని హార్వర్డ్ సిఫార్సు చేసింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెకు మూలకణాల వాడకం క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం. డబ్బు తీసుకుని చేసే చికిత్స కాదది.

అసలు మలుపు జపాన్ నుంచి వచ్చింది. 2006లో షిన్యా యమనాకా ఎలుక చర్మకణాలను వెనక్కి నడిపించి, ఏ కణంగానైనా మారగల తొలిదశకు చేర్చారు. 2012లో నోబెల్ అందుకున్నారు. ఆ పద్ధతిలో ఇప్పుడు ప్రయోగశాల గిన్నెలోనే కొట్టుకునే గుండెకణాలు తయారవుతున్నాయి.

వాటిని సూదితో ఎక్కిస్తే చాలావరకు కొట్టుకుపోతాయి, లయ తప్పే ప్రమాదమూ ఉంది. అందుకే జర్మనీలోని గోటింగెన్ బృందం కణాలను కొలాజెన్‌లో కలిపి మాసికలుగా పెంచింది. కోతుల్లో లయ తప్పలేదు, కణితులూ రాలేదు. తర్వాత గుండె బలహీనపడిన 46 ఏళ్ల మహిళకు మొత్తం 40 కోట్ల కణాలున్న 10 మాసికలు గుండె పైపొరకు కుట్టారు. మూడు నెలలకు ఆమెకు దాత గుండె దొరికింది. తీసేసిన పాత గుండెను పరీక్షించి, ఆ వివరాలను 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మాసికలోని కణాలు బతికే ఉన్నాయి, రక్తనాళాలూ అల్లుకున్నాయి. అయితే అవి పరాయి కణాలు కాబట్టి శరీరం తిరస్కరించకుండా మందులు వాడాల్సి వచ్చింది. పైగా ఆ కణాలు పెద్దల గుండెకణాలంతగా ఇంకా ముదరలేదు.