కాలేజీ చూసి రావాలి, ఉపకార వేతనం అడగాలి

కామారెడ్డి దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక తల్లి బీడీలు చుడుతుంది. భర్త దుబాయిలో కూలి పని చేస్తాడు. వాళ్ల పెద్ద కూతురు ఇంటర్ బైపీసీ పాసైంది. డిగ్రీ హైదరాబాదులో చదువుతానంటోంది. పెదనాన్న వాళ్లు మాత్రం మంచి సంబంధం ఉంది, చేసేయండి అంటున్నారు.

తల్లి ఏదీ తేల్చలేదు. "ముందు ఆ కాలేజీ ఎట్లుంటదో చూసొద్దాం బిడ్డా" అంది.

ఇది మంచి ఆలోచన. బర్రెను కొనేముందు పళ్లు చూస్తాం, పాలు పిండి చూస్తాం. పిల్లను మూడేళ్లు ఉంచే చోటును చూడకుండా ఎలా పంపుతాం?

తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి 'దోస్త్' అనే పద్ధతిలో కంప్యూటర్ ద్వారా ఇస్తున్నారు. దరఖాస్తులో మనకు నచ్చిన కాలేజీలను వరుసగా రాయాలి. వాటిని ఆప్షన్లు అంటారు. మార్కులు, రిజర్వేషన్, మనం రాసిన వరుస చూసి సీటు ఇస్తారు. మొదట రాసిన కాలేజీలో సీటు రాకపోతే రెండోది చూస్తారు. అందుకే ఈ వరుస చాలా ముఖ్యం. చాలామంది నెట్ సెంటర్ అబ్బాయి చెప్పినట్లు రాసేస్తారు. అక్కడే మోసపోతారు. సీటు వచ్చాక గడువు లోపల ఒప్పుకుంటున్నామని తెలపాలి. లేకపోతే ఆ సీటు పోతుంది.

తల్లీకూతుళ్లు తెల్లవారుజామున బస్సెక్కారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపితే సున్నా టికెట్ ఇస్తారు. ఆ టికెట్ మీది అక్షరాలు తల్లి కూడబలుక్కుని చదివింది.

వాళ్లు వెళ్లింది కోఠి మహిళా కళాశాలకు. ఇది 1924లో మొదలైంది. 1949లో కోఠిలోని పాత రెసిడెన్సీ భవనానికి మారింది. నిజాం కాలంలో ఇంగ్లీషు దొర ఉండేందుకు కట్టిన భవనం అది. ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు ఉంటాయి. 2022లో ఈ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఐలమ్మ ఎవరు? పాలకుర్తిలో కౌలుకు భూమి చేసిన రజక స్త్రీ. విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంటను, భూమిని గుంజుకోవాలని చూశాడు. ఆమె సంఘం అండతో ఎదురు తిరిగింది. పంటను ఇంటికి చేర్చుకుంది. 1985లో చనిపోయింది. దొర కోసం కట్టిన బంగళా ఉన్న చోటుకు ఇప్పుడు ఆమె పేరు ఉంది!

గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయమన్నారు. తల్లి తన పేరు తానే రాసింది. కొంచెం ఆలస్యమైంది. వెనుక ఉన్నవాళ్లు ఆగారు.

భవనం చూసి కూతురు మురిసిపోయింది. తల్లి చూసినవి వేరు. మంచినీళ్లు ఎక్కడ? మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా? సాయంత్రం ఎన్ని గంటల లోపల హాస్టల్‌కు రావాలి? మెస్ బిల్లు నెలకా, ఏడాదికా? ముందుగా ఎంత కట్టాలి? అక్కడ కూర్చున్న ఆడపిల్లలనే అడిగింది. ఇలాంటి సంగతులు ఆఫీసు వాళ్లకంటే చదువుకునే పిల్లలే నిజంగా చెబుతారు. ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. సీటు వచ్చింది కదా అని హాస్టల్ గది కూడా వస్తుందని ఏ కాలేజీలోనూ అనుకోకూడదు. విడిగా అడగాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖల హాస్టళ్లు కూడా నగరంలో ఉన్నాయి.

కూతురు మైక్రోబయాలజీ చదవాలనుకుంటోంది. కంటికి కనపడని క్రిముల గురించి చెప్పే చదువు అది. అక్కడ ఒక మేడం "ఎందుకమ్మా?" అని అడిగింది. "మా అమ్మకు దగ్గు వస్తే సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసిండ్రు. నేను ఆ ల్యాబ్‌లో పని చేయాలె" అని చెప్పింది. అప్పుడు మేడం అసలు సంగతి చెప్పింది. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి ఎం.ఎల్.టి. అనే వేరే చదువు ఉంది. మైక్రోబయాలజీ డిగ్రీతో పై చదువులకు, మందుల కంపెనీల ల్యాబ్‌లకు పోవచ్చు. ఈ రెండూ ఒకటి కాదు. ఊళ్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట కోసమైనా బస్సెక్కి రావచ్చు.

ఇక డబ్బు సంగతి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, ఇతర పేదలకు ప్రభుత్వం ఫీజు కడుతుంది. సీటు వచ్చాక ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి. బ్యాంకు ఖాతా పిల్ల పేరున ఉండాలి, ఆధార్‌తో కలిపి ఉండాలి. అయితే ఈ డబ్బు చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం వేరే ఉంది. దానికి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు కావాలి. రెండు సర్కారు వేతనాలు ఒకేసారి సాధారణంగా ఇవ్వరు. ఏది ఎక్కువ లాభమో అడిగి తెలుసుకోవాలి.

ఇవి కాక కొన్ని దాతల సంస్థలు కూడా సాయం చేస్తాయి. అవి పిల్లలను పిలిచి మాట్లాడతాయి. దాన్నే ఇంటర్వ్యూ అంటారు. అలాంటి ఒక సంస్థ ఆ మధ్యాహ్నమే ఈ అమ్మాయిని రమ్మంది.

ఊళ్లో ఒకరు ముందే సలహా ఇచ్చారు. "నాయన దుబాయిలో ఉన్నడని చెప్పకు. పైసలున్నోళ్లు అనుకుంటరు." దారి పొడుగునా కూతురికి అదే గుబులు. తల్లి కూడా ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది.

గదిలో ముగ్గురు కూర్చున్నారు. పేరు, ఊరు, మార్కులు అడిగారు. పొద్దున లేచి ఏం పని చేస్తావని అడిగారు. తర్వాత ఆ ప్రశ్న రానే వచ్చింది. "నాన్న ఏం చేస్తారు?"

అమ్మాయి కొంచెంసేపు ఆగింది. "దుబాయిలో కూలి పని సార్. పోయేటప్పుడు ఏజెంటుకు అప్పు చేసి కట్టిండు. పంపేదంతా మిత్తికే పోతది. కొన్ని నెలలు అసలే రావు" అని చెప్పింది. అప్పు రాసుకున్న నోటుబుక్కు తల్లి సంచిలో ఉంది. అడిగితే చూపింది.

అబద్ధం చెప్పి ఉంటే? చాలా సంస్థలు తర్వాత ఇంటికి మనిషిని పంపి విచారిస్తాయి. కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి ఉంటే ఆ పేరు కొట్టేస్తారు. దుబాయి పేరు వినగానే డబ్బున్నవాళ్లు అనుకునే పెద్దమనుషులూ లేకపోలేదు. అందుకే అప్పు సంగతి కూడా వివరంగా చెప్పాలి, రుజువు దగ్గర పెట్టుకోవాలి.

ఎందుకు ఈ చదువు అని కూడా అడిగారు. అమ్మాయి పొద్దున మేడం చెప్పిన తేడా చెప్పింది. "ఏది చదవాలో ఇంకా ఆలోచిస్తున్న" అంది. ఇంకొక ప్రశ్నకు జవాబు రాలేదు. "తెలీదు మేడం" అంది. తెలియనిది తెలియదనడంలో తప్పు లేదు.

చివరికి తల్లిని లోపలికి పిలిచారు. "మధ్యలో పెళ్లి చేస్తారా?" అని అడిగారు.

కూతురు తల్లి మొహం చూసింది. ఈ మాట ఇంట్లో ఇంతవరకు తేలలేదు.

"దీని సదువయ్యేదాక లగ్గం మాట ఎత్తం మేడం. మా బావగారికి నేనే చెప్త" అంది తల్లి.

వాళ్లు అసలు సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేశారు. జిరాక్సులు మాత్రమే ఉంచుకున్నారు. అలాగే ఉండాలి. అసలువి కాలేజీలు కూడా తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. సంస్థ హాస్టల్ ఖర్చులో సగం ఇస్తానంది. మిగతా సగానికి తల్లి మహిళా సంఘంలో అప్పు అడిగింది. ఆ కాగితం మీద వేలిముద్ర వేయలేదు, సంతకం చేసింది. బావగారి ఇంటికి కూడా ఆ సాయంత్రమే వెళ్లొచ్చింది.